తాతగారి ‘సర్తిఫికా’ ఐదో తరగతి కాగితం కాదు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది కాకినాడ, అమ్మ పుట్టిల్లు యానాం. అమ్మమ్మగారి పాత ఇల్లు అమ్మేస్తూ అటక మీది సామాను దించితే ట్రంకుపెట్టెలో తాతయ్య కాగితం ఒకటి బయటపడింది. 1938 నాటిది, అంతా ఫ్రెంచి. చెమ్మకి సగం మరకలు పట్టింది. ఫోనులో అనువాదం చేసి చూస్తే ‘ప్రాథమిక విద్యా ధ్రువపత్రం’ అని వచ్చింది. అమ్మేమో, “మా నాన్న సర్తిఫికా ప్యాసయ్యాడని వీధి వీధంతా బెల్లం ముక్కలు పంచారట” అంటుంది. తాతయ్యకి అప్పుడు పదమూడేళ్లు. పదమూడేళ్లకి ఐదో తరగతి ప్యాసైతే బెల్లం పంచడమేమిటని మా పిల్లలు నవ్వుతున్నారు. ఇంతలో మావయ్య ఒక ఏజెంటుని పట్టుకొచ్చాడు. ఈ కాగితంతో ఫ్రెంచి పాస్‌పోర్టుకి దారి దొరుకుతుందట, ముందు నలభై వేలు అడ్వాన్సు కట్టాలట. నమ్మొచ్చా? కాగితం మడతల దగ్గర చిరుగుతోంది. లామినేషన్ చేయించనా?

జవాబు: అమ్మా, లామినేషన్ చేయించకండి. ఏజెంటుకి డబ్బూ కట్టకండి. ఈ రెండూ ఇవాళే ఆపాల్సినవి కనక ముందే చెప్పేశాను, కారణాలు చివర్న చెప్తాను. నాకు ఆసక్తి కలిగించింది మీ బెల్లం ముక్కల ప్రశ్న.

మీ ఫోను అబద్ధం చెప్పలేదు గానీ సగమే చెప్పింది. ‘ప్రిమేర్’ అంటే ప్రాథమికమే. ఆ మాట వినగానే మనకి మెట్లు కళ్ల ముందు కదులుతాయి. ఐదు దాకా ఒక బడి, పది దాకా హైస్కూలు, ఆపైన ఇంటరు, డిగ్రీ. తాతగారి కాలపు ఫ్రెంచి చదువులో అవి మెట్లు కావు, పక్కపక్కనే సాగే రెండు దారులు. కాస్త ఉన్నవాళ్ల పిల్లాడు ఆరేళ్లకే ‘లీసే’కి, అంటే అక్కడి పెద్ద హైస్కూలుకి, అంటిపెట్టుకుని ఉండే చిన్న తరగతుల్లో చేరేవాడు. అక్కడే లాటిన్ అందుకుని, అక్కడి నుంచే ‘బాకలారియా’ అనే హైస్కూలు ఆఖరి పరీక్ష దాకా పోయేవాడు. వాడు ప్రాథమిక బడి గుమ్మం తొక్కాల్సిన పనే లేదు. రైతుబిడ్డ, కమ్మరి కొడుకు, చాకలి కూతురు పోయేది ప్రాథమిక బడికి. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేదాకా వాళ్లకి అదే బడి. ఆ దారి చివర్న పెట్టిన పరీక్షకి ఇచ్చే కాగితమే ‘సర్తిఫికా దెత్యూద్ ప్రిమేర్’. ఇక్కడ ‘ప్రాథమికం’ అన్నది తరగతి పేరు కాదు, దారి పేరు. మీ పిల్లలు ఐదో తరగతి అని నవ్వుతున్నది, ఆ దారిన పోయిన లక్షల మందికి చదువులో ఆఖరి పరీక్ష.

ఇది మనకి తెలియనిదేమీ కాదు, మరిచిపోయామంతే. మా నాన్నగారిది ఇ.ఎస్.ఎల్.సి. మద్రాసు రాజధానిలో ఎలిమెంటరీ బడిలోనే ఎనిమిదో తరగతి దాకా చదివి, చివర్న సర్కారు పెట్టే పరీక్ష ప్యాసైతే ఇచ్చే సర్టిఫికెట్టు అది. అదే వయసు పిల్లాడు హైస్కూల్లో ఉంటే వాడి లెక్క వేరు: ఫస్టు ఫారం, సెకండు ఫారం, థర్డ్ ఫారం. అక్కడా రెండు దారులే. ఇ.ఎస్.ఎల్.సి. అయి, ఆపైన ట్రైనింగు అయినవాళ్లే మన పల్లెటూళ్లలో మాస్టర్లు. మా నాన్నగారు ఆ చదువుతోనే ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పారు. డిగ్రీలు చదివిన మా బాబాయిలు దరఖాస్తు రాయించుకోవాలంటే ఆయన అరుగు మీదికే వచ్చేవారు. గోదావరి పాయకి అటు యానాంలో సర్తిఫికా, ఇటు బ్రిటిషు జిల్లాలో ఇ.ఎస్.ఎల్.సి. ఒకే నీళ్లు తాగే పిల్లలు, సరిహద్దుకి ఇటో కాగితం అటో కాగితం.

ఆ సరిహద్దు మహిమ చదువుతో ఆగలేదు లెండి. 1930 నుంచి బ్రిటిషు వైపు శారదా చట్టం అమల్లోకి వచ్చాక, చిన్నపిల్లల పెళ్లిళ్లు చేయాలనుకున్నవాళ్లు బళ్లు కట్టుకుని యానాం వచ్చేవారు. ఆ చట్టం అక్కడికి రాదు కదా. మీ తాతగారు పుస్తకాల సంచీతో బడికి పోతుంటే పక్క పందిట్లో ఆయన ఈడు పెళ్లికొడుకులు కూర్చుని ఉండేవారన్నమాట.

సరే, సర్తిఫికా రూలు దగ్గరికొద్దాం. ఫ్రాన్సులో ఈ కాగితానికి చాలాకాలం ఊరికో పద్ధతి ఉండేది. 1866లో అప్పటి విద్యామంత్రి విక్తర్ దురుయ్ సర్క్యులర్ పంపి దీన్ని దేశమంతా వ్యాపింపజేయాలని చూశాడు. గట్టి చట్టం అయింది మాత్రం మరో విద్యామంత్రి జ్యూల్ ఫెర్రీ హయాంలో. 1881 జూన్‌లో ప్రాథమిక బడికి ఫీజు తీసేశారు. 1882 మార్చి 28 చట్టంతో ఆరు నుంచి పదమూడేళ్ల దాకా చదువు తప్పనిసరి చేశారు. ఆ చట్టంలోనే ఆరో అధికరణం సర్తిఫికాది. బహిరంగ పరీక్ష పెట్టాలి, పదకొండేళ్లు నిండిన పిల్లలు రాయొచ్చు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాతి వాక్యం చూడండి: ప్యాసైన పిల్లలకి మిగిలిన తప్పనిసరి చదువు మాఫీ.

అంటే పదకొండేళ్లకే ప్యాసైన తెలివైన పిల్లాడు మర్నాటి నుంచి బడికి రానక్కర్లేదు. ఫెయిలైనవాడు పదమూడు నిండేదాకా అదే బల్ల మీద కూర్చోవాలి. చదువు వచ్చినవాడికి సెలవు, రానివాడికి బడి! ఆ రూలు రాసినవాళ్లు అమాయకులేమీ కాదు. పొలంలో చేతులు కావాల్సిన తండ్రి పిల్లాణ్ని పదమూడేళ్ల దాకా బడికి పంపడని వాళ్లకి తెలుసు. “పరీక్ష ప్యాసు చేయించు, ముందే తీసుకుపో” అని బేరం పెట్టారు. ఇంగ్లండులోనూ ఇదే వ్యాపారం. అక్కడి 1876 చట్టం ప్రకారం పదేళ్లు దాటిన పిల్లల్ని పనిలో పెట్టాలంటే నాలుగో స్టాండర్డు ప్యాసైనట్టు కాగితం కావాలి. అది లేకపోతే ఐదేళ్లపాటు ఏడాదికి 250 హాజర్లున్నా చాలు. ఆ రెండో రకం కాగితాన్ని జనం ‘మొద్దు పిల్లల పాసు’ అని వెక్కిరించేవారట. ఫ్రాన్సులో అలాంటి దొడ్డిదారి పెట్టలేదు. సర్తిఫికా అంటే పరీక్ష రాయాల్సిందే. కనీస వయసు మాత్రం తర్వాత పన్నెండుకి పెంచారు. 1936లో తప్పనిసరి చదువుని పద్నాలుగేళ్ల దాకా పొడిగించారు. మీ తాతగారు పదమూడేళ్లకి ప్యాసయ్యారంటే వెనకబడి ప్యాసైనట్టు కాదు. ఆ ఈడు పిల్లలు రాసే పరీక్షే అది.

ఇక పరీక్ష. పిల్లలు తమ బడిలో, తమ మాస్టారి ముందు రాసేది కాదిది. చుట్టుపక్కల బళ్లన్నిటి పిల్లలూ పెద్ద ఊరికి పోవాలి. అక్కడ ఇన్‌స్పెక్టరు అధ్యక్షతన ఒక సంఘం కూర్చునేది. పేపర్ల మీద గజిబిజి రాత పనికిరాదు, దస్తూరీకి కూడా మార్కులున్నాయి. లెక్కలు రెండు. జవాబు ఒక్కటీ రాస్తే చాలదు, ఎలా వచ్చిందో వాక్యాల్లో చెప్పాలి. కుళాయి విప్పితే తొట్టి ఎంతసేపట్లో నిండుతుంది, బట్టల వర్తకుడు మీటరు ఎంతకి కొని ఎంతకి అమ్మాడు, ఇలాంటివి. ఒక చిన్న వ్యాసం. ఆడపిల్లలకి కుట్టుపని. తర్వాత నోటి పరీక్ష: చదవడం, పద్యం అప్పజెప్పడం, చరిత్ర, భూగోళం.

వీటన్నిటికీ మించి ఒకటుంది, ‘దిక్తే’. అంటే ఉక్తలేఖనం. మనం డిక్టేషన్ అంటాం, రెండో తరగతితో మరిచిపోతాం. అక్కడ పదిహేను పంక్తులకి మించని ఒక ముక్క చదువుతారు. మొదట మొత్తం వినిపిస్తారు, తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్తారు, ఆఖర్న మళ్లీ ఒకసారి చదువుతారు. పది మార్కులు. తప్పుకి రెండు మార్కులు కోత. అక్షరం మీద పెట్టే గీత మరిచిపోతే పూర్తి తప్పు కాదు, అందులో భిన్నం. ఐదు తప్పులు పడితే సున్నా. దిక్తేలో సున్నా వస్తే లెక్కలు ఎంత బాగా చేసినా ఇంటికి పోవాల్సిందే.

ఐదు తప్పులేగా, అనిపిస్తుంది తెలుగువాళ్లకి. తెలుగులో చెవికి వినపడింది రాస్తే చాలావరకు సరిపోతుంది. ఫ్రెంచిలో వినపడనిది రాయాలి. ‘అతను మాట్లాడతాడు’ అనడానికి ‘ఇల్ పార్ల్’ అంటారు. ‘వాళ్లు మాట్లాడతారు’ అనడానికీ ‘ఇల్ పార్ల్’ అనే అంటారు. చెవికి తేడా లేదు. కాగితం మీద మాత్రం రెండో దాంట్లో మొదటి మాటకి ఒక ‘ఎస్’, రెండో మాట చివర ‘ఎన్, టి’ అదనంగా చేరాలి. ఎవరి గురించి చెబుతున్నారో అంతకు ముందు వాక్యంలోనే పట్టుకోకపోతే, ఒకే చోట రెండు తప్పులు. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడే పిల్లలే దీనికి బోర్లాపడేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, ఏటిలో ఈతకి దూకేటప్పుడు తెలుగు అయిన మీ తాతగారు, ఒక పరాయి గొంతు చదువుతుంటే వినపడని అక్షరాలు రాసి నెగ్గారు. బెల్లం పంచారంటే పంచరా మరి?

అందరూ నెగ్గిన పరీక్ష కూడా కాదు. సాక్షాత్తూ ఫ్రాన్సులోనే 1930ల నడుమ నాటికి కూడా ఈ కాగితం అందుకున్నది ఆ ఈడు పిల్లల్లో సుమారు సగం మంది. కొంత తప్పు మాస్టర్లది. ఎంతమందిని ప్యాసు చేయించాడన్నదే మాస్టారి పరువు. అందుకని గ్యారంటీగా నెగ్గుతారనుకున్నవాళ్లనే పరీక్షకి పంపేవారు. వాళ్లని సాయంత్రాలు కూర్చోబెట్టి దిక్తే మీద దిక్తే రాయించేవారు. అనుమానం ఉన్నవాళ్లు వెనక బల్ల మీదే ఉండిపోయేవారు. నేనూ హెడ్మాస్టరుగా చేసినవాణ్నే. ఏడో తరగతి పరీక్ష ముందు ‘వీడు గట్టెక్కడేమో’ అని పేర్లకి టిక్కులు పెట్టిన చేతులివి. రిజల్టు బోర్డు మీద రాసే నంబరుకి ఎవరి తల పణంగా పెడుతున్నామో ఆ టిక్కు పెట్టేటప్పుడు తోచదు.

ఇప్పటి మన రూలు దీనికి పూర్తిగా అటువైపు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిది పూర్తయ్యేదాకా ఏ పిల్లా బోర్డు పరీక్ష ప్యాసు కావాల్సిన పని లేదు. చదువు పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ ధ్రువపత్రం ఇవ్వాలి. 2019లో సవరణ చేసి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే వెసులుబాటు ప్రభుత్వాలకి ఇచ్చారు, అది వేరే కథ. మీ పిల్లలు ఈ రూలులో పెరిగారు. కాగితం అంటే బడి వదిలేటప్పుడు ఆఫీసులో సంతకం పెట్టి తెచ్చుకునేది అనుకుంటారు. నవ్వడంలో వాళ్ల తప్పేం లేదు. ఒకసారి కూర్చోబెట్టి, తెలుగులోనే సరే, ఏదైనా పేపరులోంచి పదిహేను పంక్తులు చదివి రాయమనండి. ఒత్తులూ దీర్ఘాలూ లెక్కపెట్టండి. ఐదు తప్పులు పడితే సున్నా అని ముందే చెప్పండి.

అలాగని ఆ కాలం పిల్లలే గొప్పవాళ్లని నేననను. 1920ల నాటి సర్తిఫికా జవాబు పత్రాలు సోమ్ అనే జిల్లా ఆర్కైవులో కట్టలు కట్టలుగా దొరికితే, 1995లో అవే ప్రశ్నలు అప్పటి పిల్లలకిచ్చి పోల్చి చూశారు. అక్షర దోషాలు లేకుండా రాయడంలో పాతవాళ్లదే పైచేయి, బాగా పైచేయి. సొంతంగా వ్యాసం రాయడంలో మాత్రం కొత్తవాళ్లు తీసిపోలేదు. దేన్ని రుద్దితే అది వస్తుంది. ఆ పరీక్షనీ 1989 ఆగస్టు 28 ఉత్తర్వుతో ఎత్తేశారు. అప్పటికి దాన్ని రాసేవాళ్లే కరువయ్యారు.

ఇప్పుడు మీ కాగితాన్ని కిటికీ దగ్గర పగటి వెలుతురులో పట్టుకుని ఒక్కమాట వెతకండి. ‘ఐ, ఎన్, డి, ఐ, జి’ అని మొదలయ్యే మాట, ‘ఆందిజెన్’. స్థానికులది అని అర్థం. ఫ్రెంచివాళ్లు చాలా వలసల్లో సర్తిఫికాని రెండుగా చీల్చారు. అల్జీరియాలో స్థానిక పిల్లలకి వేరే సర్తిఫికా, ఇండోచైనాలో ‘ఫ్రాంకో-ఆందిజెన్’ అని ఇంకోటి. సిలబసు వేరు, విలువ వేరు. మీ కాగితం మీద ఆ మాట ఉంటే నేను పైన చెప్పిన దిక్తే లెక్క అచ్చం అలాగే వర్తించదు, స్థానిక భాషకీ అందులో చోటు ఉండి ఉంటుంది. ఆ మాట లేకుండా ఉత్త ‘ప్రిమేర్’ అని ఉంటే, ఫ్రాన్సు పిల్లల కాగితానికున్న పేరే దీనికీ పెట్టారన్నమాట. మరక పట్టిన సగంలోనే అది ఉండి ఉండొచ్చు. ఫోనులో ఫొటో తీసి వెలుతురు, కాంట్రాస్టు పెంచి చూడండి, వెలిసిపోయిన సిరా కొన్నిసార్లు తేలుతుంది.

ఇంకోటి. తాతగారి పేరు అక్కడ వింతగా కనిపిస్తే కంగారు పడకండి. ఫ్రెంచిలో మన ‘ఉ’కారానికి ‘ఓ, యు’ రెండక్షరాలు కలిపి రాస్తారు. ‘సూర్యం’ అనాలంటే ‘ఎస్, ఓ, యు’ అని మొదలుపెడతారు. మన ‘శ’, ‘ష’లకి ‘సి, హెచ్’. మన రికార్డుల్లో ఇంగ్లీషు వరసలో ఉన్న పేరూ, ఈ పేరూ వేరువేరుగా కనిపిస్తాయి గానీ మనిషి ఒకరే. ఈ తేడా పట్టుకుని ‘పేరు మార్పు అఫిడవిట్టు’ అంటూ ఎవరైనా డబ్బు అడిగినా ఇవ్వకండి.

డబ్బు మాట వచ్చింది కనక ఏజెంటు దగ్గరికి పోదాం. సర్తిఫికా చదువు కాగితం, జాతీయత కాగితం కాదు. యానాం 1954 జూన్ 13న ఫ్రెంచివాళ్ల చేతిలోంచి వచ్చేసింది. అదే ఏడు నవంబరు 1న పాలన మన చేతికి అప్పగించారు. కాగితం మీద అసలు బదిలీకి 1956 మే 28న ఒప్పందం రాసుకుంటే, అది అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. ఆ ఒప్పందం చెప్పేది ఇది: అక్కడ పుట్టి అక్కడే కాపురముంటున్నవాళ్లు ఆ రోజుతో భారతీయులు అయిపోతారు. ఫ్రెంచి జాతీయతే ఉంచుకోవాలనుకుంటే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. యానాంలో పుట్టి ఇటు కాకినాడలాంటి చోట స్థిరపడినవాళ్లకీ దాదాపు అదే పద్ధతి.

కాబట్టి మీ కుటుంబానికి సంబంధించిన ప్రశ్న ఒక్కటే. 1962 ఆగస్టు నుంచి 1963 ఫిబ్రవరి మధ్యన తాతగారు అలాంటి కాగితం మీద సంతకం పెట్టారా? పెట్టి ఉంటే ట్రంకుపెట్టెలో దాని నకలు ఉండాలి, లేదా ఇంట్లో ఎవరికో ఒకరికి ఫ్రెంచి పింఛనో పాస్‌పోర్టో వచ్చిన గుర్తుండాలి. యానాంలో అలాంటి ఇళ్లు తెలిసినవే కనక మీ అమ్మగారికి తెలియకుండా పోదు. పెట్టకపోతే సర్తిఫికాలు పది ఉన్నా తలుపు తెరుచుకోదు. పెట్టారని తేలితే అప్పుడు ఏజెంటు అక్కర్లేదు. పుదుచ్చేరిలో ఫ్రెంచి కాన్సులేటు ఉంది, సరాసరి వాళ్లనే అడగండి. ఒప్పందంలో బాకలారియా, బ్రెవె లాంటి పై పరీక్షలకి మన దగ్గర గుర్తింపు ఇస్తామని రాసుకున్నమాట నిజమే. అదీ ఆనాటి చదువులకి, ఉద్యోగాలకి. ఇప్పుడు మీ మావయ్యగారికి దానితో పనిలేదు. ఆయనకి ఈ ముక్క మెల్లిగా మీ అమ్మగారి చేతే చెప్పించండి. అక్క చెబితే వినేవాళ్లే ఎక్కువ.

కాగితం పనికిరాదా అంటే, వంశవృక్షం రాసుకునేవాళ్లకి బంగారం. సాధారణంగా అందులో పుట్టిన తేదీ, ఊరు రాస్తారు. అవి చదవగలిగితే పట్టుకుని యానాం మునిసిపాలిటీలో జనన రిజిస్టరు అడగండి. ఫ్రెంచివాళ్లు పుట్టుకనీ పెళ్లినీ చావునీ రిజిస్టరులోకి ఎక్కించడంలో మహా పట్టుదల మనుషులు. వలసల పాత రికార్డులు ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊరి ఆర్కైవులో ఉన్నాయి, కొన్నిటిని ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లోనే చూడొచ్చు. ఒక్క పుట్టిన రిజిస్టరు పుట దొరికితే తాతగారి తాతగారి పేరు దాకా పోవచ్చు.

ఇక లామినేషన్. ఆ వేడికి పాత సిరా చెదురుతుంది, ప్లాస్టిక్కు అతుక్కుంటే మళ్లీ ఊడదీయలేం. సెలోటేపు అంతకన్నా పాపం, పదేళ్లకి పసుపు మరక అయి కూర్చుంటుంది. మడతల్ని బలవంతంగా చదును చేయకండి. రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పెట్టి వారం రోజులు వదిలేయండి. తర్వాత రెండువైపులా స్కాన్ చేయించండి, వెనకవైపు మరవొద్దు, సంతకాలూ ముద్రలూ అక్కడ కూడా ఉండొచ్చు. అసలుని ఆమ్లం లేని కాగితంతో చేసిన ఫోల్డరులో పెట్టి బీరువాలో పై అరలో ఉంచండి. గోడకి కొట్టాలని ఉంటే స్కాన్ తీసిన కాపీకి ఫ్రేము కట్టించండి, అసలుకి ఎండ తగలకూడదు. చెదల భయానికి నాఫ్తలీన్ ఉండలు వేస్తే కాగితానికి తగలకుండా అర మూలన వేయండి.

అన్నట్టు, మీ అమ్మగారు ‘సర్తిఫికా’ అని పలికారని రాశారు. ఫ్రెంచివాళ్లు పలికేదీ అలాగే, చివరి ‘టి’ మింగేసి. వాళ్ల నాన్నగారి నోట విన్నదే ఆవిడ నోట నిలిచిపోయి ఉంటుంది. ఆ బెల్లం కథ మొదటి నుంచి చివరిదాకా ఆవిడ చేత చెప్పించి ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. పరీక్షకి ఎవరు తీసుకెళ్లారు, ఆ రోజు ఏం తొడుక్కున్నారు, బెల్లం ఎవరి కొట్లో కొన్నారు, అన్నీ అడగండి. మధ్యలో తప్పులు దిద్దకండి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపడం మరవకండి, లేకపోతే దాని చప్పుడే వినిపిస్తుంది.